ఇథియోపియా అగ్నిపర్వతం బూడిద: దుబాయ్–హైదరాబాద్ ఫ్లైట్ రద్దయింది, ఇప్పుడేం చేయాలి?

జగిత్యాల_రమేష్ | 24 నవంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు దుబాయ్‌లో పని చేస్తాడు. బుధవారం నాన్నకు ఆపరేషన్ ఉంది, దానికోసం లీవు పెట్టుకుని బయల్దేరాడు. ఎయిర్‌పోర్టుకు వెళ్లాక ఫ్లైట్ రద్దయిందని చెప్పారట. ఎందుకంటే ఇథియోపియాలో అగ్నిపర్వతం పేలింది, బూడిద వస్తోంది అన్నారట. ఇక్కడ ఆకాశం చూస్తే మామూలుగానే ఉంది. టికెట్ ఊళ్లో ఏజెంటు దగ్గర తీసుకున్నాం. కౌంటర్‌లో అడిగితే ఏజెంటును అడగమంటున్నారు, ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎయిర్‌లైన్‌నే అడగమంటున్నాడు. వాడు అక్కడ బ్యాగు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు, ఇక్కడ అమ్మకు ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ట్రావెల్స్_భాస్కర్ | రాత్రి 9:58

రమేష్ గారూ, ముందు ఒక్క మాట. తొందరపడి టికెట్ మీరే క్యాన్సిల్ చేయకండి. మీరు క్యాన్సిల్ నొక్కితే అది మీ ఇష్టంతో మానుకున్నట్టు లెక్క, చార్జీలు కోసేస్తారు. ఎయిర్‌లైన్ రద్దు చేసినట్టు పిఎన్‌ఆర్‌లో పడాలి. అప్పుడు పూర్తి రీఫండ్ అయినా, డబ్బు కట్టకుండా వేరే రోజు సీటైనా అడగొచ్చు. తమ్ముడికి వచ్చిన ఎస్ఎంఎస్, మెయిల్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి.

ఏజెంటు దగ్గర కొన్న టికెట్‌కు రీఫండ్ ఏజెంటు ద్వారానే తిరిగొస్తుంది, అది నిజం. కానీ ఫ్లైట్ మార్చడం ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే చేస్తారు. అందుకని తమ్ముణ్ణి క్యూ వదలొద్దనండి. 'రీఫండ్ వద్దు, తర్వాతి ఫ్లైట్‌లో సీటు ఇవ్వండి, ఇంట్లో ఆపరేషన్ ఉంది' అని స్పష్టంగా చెప్పమనండి. ఆసుపత్రి కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపండి. రూలులో అలాంటి ప్రాధాన్యం లేకపోయినా, కౌంటర్‌లో ఉన్నవాళ్లూ మనుషులే కదా.

హైదరాబాద్‌కే పట్టుబట్టొద్దు. విజయవాడ, బెంగళూరు, చెన్నై, ఏది దొరికినా ఒప్పుకోమనండి. అక్కడి నుంచి రైలో బస్సో ఉంటుంది.

వేణు_వైజాగ్ | రాత్రి 10:15

నాకు ఇది అతిగా భయపడటంలా కనిపిస్తోంది. ఇథియోపియా ఎక్కడ, మనమెక్కడ? ఢిల్లీకి సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. అంత దూరం వచ్చేసరికి ఆ బూడిద ఎంత పలచబడి ఉంటుంది? ఎడారి దుమ్ములోంచి రోజూ ఎగిరే విమానాలు దీనికి ఆగడమేంటి? 2010లో యూరప్‌లోనూ ఇలాగే అన్నీ మూసేసి, తర్వాత అంత అవసరం లేదన్నారు. గల్ఫ్ కార్మికుడికి ఒక్క రోజు లీవు పోతే ఎంత నష్టమో ఆలోచించేవాళ్లు లేరు.

ఏఎంఈ_శ్రీను | రాత్రి 10:52

వేణు గారూ, నేను విమానాల మెయింటెనెన్స్‌లో పని చేస్తాను. ఎడారి దుమ్ముకూ దీనికీ పోలిక లేదు. అగ్నిపర్వతం బూడిద అంటే కట్టె కాలిన బూడిద కాదు. నలిగిన రాయి, గాజు ముక్కలు. అది సుమారు 1,100 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. జెట్ ఇంజిన్ లోపల ఇంధనం మండే చోట వేడి అంతకంటే చాలా ఎక్కువ. లోపలికి పోయిన గాజు కరిగి, వెనక టర్బైన్ భాగాల మీద పాకంలా అంటుకుని గడ్డకడుతుంది. గాలి పోయే దారులు మూసుకుపోతాయి, ఇంజిన్ ఊపిరాడక ఆగిపోతుంది. ఎడారి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. అది కరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, పైగా ఇసుక సాధారణంగా విమానాలు తిరిగే ఎత్తుకు పోదు.

ఈసారి బూడిద ఏ ఎత్తులో ఉందో చూడండి. 45 వేల అడుగుల దాకా లేచింది. దూరప్రయాణ విమానాలు ఎగిరేది 30 నుంచి 40 వేల అడుగుల మధ్య. అంటే సరిగ్గా అదే పొర. పైలట్ ముందుండే వాతావరణ రాడార్ నీటి చుక్కల్ని పట్టుకుంటుంది, ఇంత సన్నని పొడి బూడిదను పట్టుకోదు. రాత్రిపూట కంటికీ కనపడదు.

జరగదంటారేమో, జరిగింది. 1982 జూన్ 24 రాత్రి, లండన్ నుంచి బొంబాయి, కౌలాలంపూర్ మీదుగా ఆక్లండ్ వెళ్లాల్సిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747, జావా దగ్గర గాలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లింది. 37 వేల అడుగుల మీద నాలుగు ఇంజిన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. అంత పెద్ద విమానం గ్లైడర్‌లా కిందికి దిగుతూ వచ్చింది. కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులకు మైకులో చిన్న సమస్య వచ్చిందనీ, నాలుగు ఇంజిన్లూ ఆగాయనీ నిబ్బరంగా చెప్పాడు. బూడిద లేని గాలిలోకి దిగాక, చల్లబడి పెళుసైన గాజు కొంత ఊడిపోయి ఇంజిన్లు మళ్లీ అందుకున్నాయి. జకార్తాలో దించేటప్పుడు ముందు అద్దం గరుకు కాగితంతో రుద్దినట్టు తెల్లబారిపోయి, పక్కన సన్నని పట్టీలోంచి తప్ప రన్‌వే కనపడలేదు. అందులో 248 మంది ప్రయాణికులు, 15 మంది సిబ్బంది. ఒక్కరికీ ఏమీ కాలేదు.

1989 డిసెంబర్ 15న అలస్కాలో రిడౌట్ పర్వతం బూడిదలో కేఎల్ఎం విమానానికీ ఇదే జరిగింది. బయటపడదామని థ్రస్ట్ (ఇంజిన్ ముందుకు తోసే బలం) పెంచి పైకి లేపారు. పెంచేకొద్దీ ఇంజిన్ లోపల వేడి పెరుగుతుంది, గాజు ఇంకా ఎక్కువ కరుగుతుంది. నాలుగూ ఆగిపోయి 14 వేల అడుగులకు పైగా జారాక గానీ అందుకోలేదు. అందుకే ఇప్పుడు పైలట్లకు దీనికి తిరగబడిన పాఠం చెబుతారు: థ్రస్ట్ తగ్గించు, వెనక్కి తిరుగు, బయటికి రా.

జగిత్యాల_రమేష్ | రాత్రి 11:06

శ్రీను అన్నా, చదువుతుంటే గుండె గుభేల్మంది. సరే, బూడిద ఉన్నచోట వెళ్లొద్దు, ఒప్పుకుంటా. కానీ మా బావమరిది రేపు హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోవాలి, అదీ రద్దయిందట. హైదరాబాద్–ఢిల్లీ మధ్య బూడిద ఏముంది?

ఏఎంఈ_శ్రీను | రాత్రి 11:21

దానికి కారణం విమానం, దారి కాదు. ఆ విమానం అంతకుముందు గల్ఫ్ నుంచో ఇంకెక్కడి నుంచో ఆ ప్రాంతం మీదుగా వచ్చి ఉంటుంది. అలా వచ్చిన విమానాలను ముందుజాగ్రత్తగా చూడాలి. ముంబై–హైదరాబాద్, చెన్నై–ముంబై లాంటి దేశీయ సర్వీసులు కూడా ఆగింది ఇందుకే.

చూడటమంటే పైపైన కాదు. బోరోస్కోప్ అని సన్నని గొట్టం చివర కెమెరా ఉంటుంది. దాన్ని ఇంజిన్ పక్కనున్న చిన్న రంధ్రాల్లోంచి లోపలికి దించి, షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కో బ్లేడునూ స్క్రీన్ మీద చూస్తాం. అంచులు అరిగాయా, మీద గాజు పూత మెరుస్తోందా, చల్లగాలి వచ్చే సన్న రంధ్రాలు పూడుకున్నాయా అని. తర్వాత వేగం కొలిచే పిటోట్ గొట్టాలు, ఏసీ ఫిల్టర్లు, ముందు అద్దం, రెక్కల ముందు అంచులు. రెండు ఇంజిన్లకూ శ్రద్ధగా చేస్తే గంటలు పడుతుంది. ఆ పని మీద సంతకం పెట్టేది మాలాంటివాళ్లం. ప్రయాణికుల కోపం నాకు తెలుసు, అయినా చూడకుండా సంతకం పెట్టను.

సివిల్ ఏవియేషన్ డైరెక్టరేట్ (డీజీసీఏ) ఇవాళ ఇచ్చిన సూచనలోనూ ఇదే ఉంది. బూడిద ఉన్న ఎత్తులు, దారులు తప్పించండి, ఇంజిన్ తీరులో తేడా వచ్చినా క్యాబిన్‌లో పొగ, వాసన వచ్చినా వెంటనే చెప్పండి అని.

లండన్‌లో_కాకినాడ | రాత్రి 11:50

2010 గురించి వేణు గారు అన్నదాంట్లో సగం నిజముంది. అప్పుడు నేను ఇక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

ఐస్‌లాండ్‌లో ఎయాఫ్యాట్లయోకుట్ల్ అనే పర్వతం. పేరు పలకడానికి టీవీ యాంకర్లందరూ తంటాలు పడ్డారు. దాని శిఖరం మంచుగడ్డ కింద ఉంటుంది. ఏప్రిల్ 14న అక్కడ పేలింది. కాగే శిలాద్రవం మంచునీటిని తాకి పొడిపొడిగా పగిలి, చాలా సన్నని గాజు బూడిద తయారైంది. పైన గాలి సరిగ్గా యూరప్ వైపు. 15 మధ్యాహ్నం నుంచి బ్రిటన్ గగనతలం మూసేశారు. 20 రాత్రి దాకా తెరవలేదు. మొత్తం మీద యూరప్‌లో లక్ష దాకా విమానాలు రద్దయ్యాయి, దాదాపు కోటి మంది ప్రయాణాలు చెడిపోయాయి. ఎయిర్‌లైన్ల నష్టం 170 కోట్ల డాలర్లని వాళ్ల సంఘం ఐఏటీఏ లెక్క కట్టింది. పోలండ్ అధ్యక్షుడి అంత్యక్రియలకు ఒబామా రాలేకపోయాడు. కెన్యాలో యూరప్‌కు పంపాల్సిన పూలు, కూరగాయలు కుళ్లిపోయాయి. అక్కడి పొలాల్లో రోజు కూలికి వెళ్లేవాళ్లు పని లేక ఇంట్లో కూర్చున్నారు. నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే.

ఎందుకంత గట్టిగా మూశారంటే, అప్పటి నియమం ఒక్కటే: బూడిద కనిపిస్తే వెళ్లొద్దు. ఎంత బూడిదైతే ఇంజిన్ తట్టుకుంటుందో తయారీదారులు అంకె చెప్పలేదు. ఎయిర్‌లైన్లు పరీక్ష విమానాలు ఎగరేసి ఒత్తిడి పెంచాక, అప్పుడు ఘనమీటరు గాలికి 2 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని హద్దు పెట్టారు. మే నెలలో కొన్ని జాగ్రత్తలతో 4 దాకా ఒప్పుకున్నారు. ఆ పని పదేళ్ల ముందే చేసి ఉండాల్సింది.

మరుసటి ఏడు, 2011 మేలో ఐస్‌లాండ్‌లోనే గ్రిమ్స్‌వోట్న్ పేలింది. అది ఇంకా పెద్ద పేలుడు, 20 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. రద్దయినవి 900 విమానాలే. గాలివాటం, బూడిద రకం తేడా కొంత, నియమం మారడం చాలా. ఇప్పుడు మన దేశంలోనూ గగనతలం మూయలేదు చూడండి. ఏ ఎత్తున ఎక్కడుందో చెప్పి, నిర్ణయం ఎయిర్‌లైన్లకు వదిలారు. అది 2010 నేర్పిన పద్ధతే.

వేణు_వైజాగ్ | 25 నవంబర్, ఉదయం 6:30

లండన్ బాబాయ్, బాగా చెప్పారు. శ్రీను గారి మాటా కాదనను, ఇంజిన్‌తో ఆటలొద్దు. నా కడుపుమంట వేరే. జాగ్రత్త వాళ్లది, ఖర్చు మాత్రం ప్రయాణికుడిది. ఎయిర్‌పోర్టులో ఇడ్లీ కొనాలంటే ఆలోచించే మనిషి, హోటల్ గది ఎక్కడ తీసుకుంటాడు?

సుజాత_నేపర్‌విల్ | ఉదయం 7:12

వేణు గారు అన్న మాటకు మా అమ్మ గుర్తొచ్చింది.

2010 ఏప్రిల్‌లో నా డెలివరీకని అమ్మ హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా చికాగో బయల్దేరింది. మొదటిసారి విమానం ఎక్కడం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేసరికి అన్నీ ఆగిపోయాయి. జర్మనీ వీసా ఉన్నవాళ్లను హోటళ్లకు పంపారు. అమ్మ దగ్గర ఉన్నది అమెరికా వీసా ఒక్కటే. ట్రాన్సిట్ ఏరియా దాటి బయటికి అడుగు పెట్టడానికి లేదు. అలాంటివాళ్లందరికీ లోపలే మడత మంచాలు వేశారు. దుప్పట్లు, తిండి ఇచ్చారు, ఆ మాట చెప్పాలి. కానీ అమ్మకు తెలుగు తప్ప రాదు. మాంసం ఉందేమోనని పెట్టినవేవీ ముట్టలేదు, అరటిపళ్లూ బ్రెడ్డూ తిని ఉంది.

అసలు భయం బీపీ మాత్రలు. బ్యాగు బరువు సర్దేటప్పుడు మందుల డబ్బా తీసి పెద్ద సూట్‌కేసులో, ఆవకాయ సీసాల పక్కన పెట్టారు. ఆ సూట్‌కేసు లోపలెక్కడో ఉండిపోయింది. మాత్ర లేక అమ్మకు తల తిరుగుతుంటే, పక్క మంచం మీదున్న గుంటూరు కుర్రాడు, స్టూడెంట్, గమనించాడు. పాపం అతనే తన ఫోన్ నుంచి నాకు చేశాడు. నేను మందు పేరు చెబితే ఎయిర్‌పోర్టు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి, మాట్లాడి ఇప్పించాడు. నిండు చూలాలిని, ఇక్కడ ఫోన్ పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నా. ఆ అబ్బాయి ఊరు తప్ప ఏమీ తెలియదు. ఇది చదువుతుంటే, బాబూ, నీకు చేతులెత్తి దండం.

పెద్దవాళ్లను ఒంటరిగా పంపేవాళ్లు దయచేసి వినండి. మందులు వారం పైబడి సరిపడా చేతి సంచిలో ఉండాలి, చీటీతో సహా. ఇంగ్లీషులో ఒక కాగితం రాసి పాస్‌పోర్టులో పెట్టండి: నాకు తెలుగు మాత్రమే వచ్చు, ఫలానా జబ్బు ఉంది, శాకాహారిని, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. టికెట్ కొనేటప్పుడు పది వేలు తక్కువని రెండు కనెక్షన్లు పెట్టకండి. మధ్యలో ఆగే దేశంలో మనవాళ్లకు బయటికి వెళ్లే వీలుందో లేదో కనుక్కోండి.

లండన్‌లో_కాకినాడ | ఉదయం 7:40

సుజాతమ్మా, కళ్లు చెమర్చాయి. వేణు గారి ప్రశ్నకు యూరప్ వరకైతే జవాబుంది. ఈయూ 261 అనే నిబంధన ప్రకారం, యూరప్ నుంచి బయల్దేరే ఏ విమానమైనా, యూరప్‌కు వచ్చే యూరప్ సంస్థల విమానమైనా రద్దయితే భోజనం, హోటల్ ఎయిర్‌లైన్ చూడాలి. అగ్నిపర్వతం లాంటి అసాధారణ పరిస్థితిలో నగదు పరిహారం రాదు, అంతే తేడా. 2010 బూడిదలో చిక్కుకున్న ఐర్లాండ్ ప్రయాణికురాలి కేసులో యూరప్ న్యాయస్థానం 2013 జనవరిలో తేల్చి చెప్పింది: ఎన్ని రోజులైనా ఈ బాధ్యతకు హద్దు లేదని. కాబట్టి సొంత డబ్బుతో తిన్నా, గది తీసుకున్నా బిల్లులు పారేయకండి. బ్రిటన్ విడిపోయాక కూడా ఇదే నిబంధనను తన చట్టంలో ఉంచుకుంది.

ట్రావెల్స్_భాస్కర్ | ఉదయం 8:05

మన దగ్గర అంత బలమైన నియమం లేదు. డీజీసీఏ నిబంధనల్లో ప్రకృతి విపత్తు అసాధారణ పరిస్థితి కింద వస్తుంది, పరిహారం ఇవ్వక్కర్లేదు. రీఫండ్ లేదా వేరే ఫ్లైట్ మాత్రం మన హక్కు. నా వరకు, ఎయిర్‌పోర్టులో చిక్కుకున్నవాడికి అన్నం పెట్టే బాధ్యత కారణంతో పని లేకుండా ఉండాలి. యూరప్‌లో చేయగలిగింది ఇక్కడెందుకు చేయకూడదు?

ఇన్సూరెన్స్ గురించీ చెబుతా. అగ్నిపర్వతం పేలిన వార్త వచ్చాక కొన్న పాలసీ దానికి పనికిరాదు. ముందే ఉండాలి. ఇంకొకటి, చాలామంది హైదరాబాద్–ముంబై ఒక టికెట్, ముంబై–లండన్ వేరే టికెట్ కొంటారు. మొదటిది రద్దయి రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కు సంబంధం లేదు, నో-షో (ప్రయాణికుడు రాలేదు) అని రాసేస్తారు. ఒకే పిఎన్‌ఆర్ మీద తీసుకోండి.

జగిత్యాల_రమేష్ | ఉదయం 9:20

తమ్ముడికి ఇవాళ రాత్రికి సీటు దొరికింది! హైదరాబాద్‌కు కాదు, బెంగళూరుకు. అక్కడి నుంచి బస్సు బుక్ చేశాం. ఆపరేషన్ టైముకు అందుకుంటాడు. భాస్కర్ అన్న చెప్పినట్టు ఆసుపత్రి కాగితం చూపిస్తే కౌంటర్‌లో అమ్మాయి తనే వెతికి ఇచ్చిందట. అందరికీ పేరుపేరునా థాంక్స్.

పద్మజ_ద్వారక | ఉదయం 9:45

మాది ఢిల్లీ. అసలే ఇక్కడ గాలి పీల్చలేకపోతున్నాం, ఈ బూడిద కూడా పడితే పిల్లలను స్కూలుకు పంపొచ్చా?

కర్నూలు_మాస్టారు | ఉదయం 10:30

అమ్మా పద్మజా, దీనివల్ల మీ గాలి మారదు. బూడిద ఎక్కువగా 25 వేల నుంచి 45 వేల అడుగుల మధ్య పోతోంది. నిన్న గుజరాత్ వైపు నుంచి వచ్చి రాజస్థాన్, ఢిల్లీ మీదుగా వెళ్తోంది. ఇవాళ సాయంత్రం ఏడున్నరకల్లా చైనా వైపు దాటిపోతుందని వాతావరణ శాఖ అంచనా. ఢిల్లీలో పీల్చలేకపోవడానికి కారణాలు నేల మీదున్నవే. పిల్లలకు మాస్కు వాటికోసం పెట్టండి.

నేను భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఇంకాస్త రాయనివ్వండి. ఆ పర్వతం పేరు హాయ్లీ గుబ్బి, ఇథియోపియాలోని అఫార్ ప్రాంతం. ఆఫ్రికా ఖండం అక్కడ చీలుతోంది. భూమి పొర పలచబడి, కింది శిలాద్రవం పైకి రావడానికి దారులున్న చోటు. గత సుమారు 12 వేల ఏళ్లలో ఇది పేలినట్టు ఎక్కడా నమోదు లేదు. ఆదివారం పేలింది. పక్కనున్న అఫ్దెరా గ్రామం బూడిదతో నిండిపోయింది. అక్కడివాళ్లు పశువుల మీద బతికేవాళ్లు, మేతంతా బూడిద పాలైంది. మన విమానం ఒక రోజు ఆలస్యమైంది, వాళ్ల మేకలకు గడ్డి లేదు. ఆ సంగతి మన వార్తల్లో ఒక్క ముక్కగా వచ్చిపోయింది.

ఇంత దూరం బూడిద ఎలా వస్తుందని వేణు అడిగాడు. మా జిల్లాకే వచ్చింది నాయనా! బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలో జ్వాలాపురం అని ఊరుంది, ఇప్పుడు నంద్యాల జిల్లా. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా పేలినప్పుడు సముద్రం దాటి వచ్చిన బూడిద అక్కడ నేల కింద మనిషెత్తున పొరగా ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించేవాణ్ణి. ఎర్రమట్టి మధ్య తెల్లగా, సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది. చేత్తో తీస్తే పిండిలా జారుతుంది, వేళ్ల మధ్య నలిపితే మాత్రం గరగరలాడుతుంది. దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్మేవాళ్లు. మసిబట్టిన గిన్నెను మెరిపించే ఆ గరుకే విమానం అద్దాన్ని గీకి తెల్లబరుస్తుంది. ఆ పొరకు కిందా పైనా మనిషి చేసిన రాతి పనిముట్లు దొరికాయి. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం 2007లో ఆ వివరాలు ప్రచురించింది. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా జుర్రేరు ఒడ్డున మనుషులు బతికారని వాళ్ల వాదన. యాగంటికి వెళ్లేవాళ్లు ఎంతమందో, కాస్త దూరంలో ఉన్న ఈ చోటు తెలిసినవాళ్లు ఎంతమందో. ఆ పొరను తవ్వుకుపోకుండా కాపాడాలని ఎప్పటినుంచో నా మొర.

వేణు_వైజాగ్ | ఉదయం 11:02

మాస్టారూ, జ్వాలాపురం ఎప్పుడూ వినలేదు. సంక్రాంతికి అటు వస్తే చూపిస్తారా?

కర్నూలు_మాస్టారు | ఉదయం 11:10

తప్పకుండా రా. ఎండ ఎక్కకముందే పోదాం.

హారిక_వరంగల్ | మధ్యాహ్నం 1:25

టాపిక్ కొంచెం పక్కకు తీసుకెళ్తున్నా, సారీ. జనవరిలో మేము బాలి వెళ్దామనుకుంటున్నాం. అక్కడా ఏదో అగ్నిపర్వతం తరచూ పేలుతోందని విన్నాను. టికెట్లు ఇంకా తీసుకోలేదు. మానుకోవాలా?

ట్రావెల్స్_భాస్కర్ | మధ్యాహ్నం 1:50

మానుకోనక్కర్లేదు మేడం, తెలుసుకుని వెళ్లండి. మీరు విన్నది లెవొటోబి లకిలకి. అది ఉన్నది బాలిలో కాదు, తూర్పున ఫ్లోరెస్ దీవిలో, సుమారు 800 కిలోమీటర్ల దూరం. కానీ గాలి ఇటు తిరిగితే బాలి ఫ్లైట్లు ఆగుతాయి. 2024 నవంబర్‌లో ఆగాయి, ఈ ఏడు జూన్‌లో, జూలైలో కూడా. జూన్‌లో ఢిల్లీ నుంచి వెళ్తున్న విమానం మధ్యలోంచి వెనక్కి తిరిగొచ్చింది. బాలిలోనే ఉన్న అగుంగ్ 2017 నవంబర్‌లో ఎయిర్‌పోర్టునే మూయించింది.

నేనైతే ఇలా చేస్తా. టికెట్‌తో పాటే, అదే రోజు ఇన్సూరెన్స్ తీసుకుంటా. పాలసీలో అగ్నిపర్వతం, బూడిద అన్న మాటలున్నాయో లేదో చదివాకే. తిరుగు ప్రయాణం మరుసటి రోజే ఆఫీసులో కూర్చోవాల్సినట్టు పెట్టుకోకుండా, రెండు రోజులు ఖాళీ ఉంచుకుంటా. హోటల్ ఉచితంగా క్యాన్సిల్ అయ్యేది చూస్తా. వీసా గడువు సరిగ్గా తిరిగొచ్చే రోజుతో ముగిసేలా ఉంచను.

ఏఎంఈ_శ్రీను | మధ్యాహ్నం 2:15

దానికి ఒకటి కలుపుతా. బూడిద హెచ్చరికలిచ్చే కేంద్రాలు ప్రపంచంలో తొమ్మిదున్నాయి. ఇండోనేషియాను చూసేది ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం. నిన్న ఇథియోపియా బూడిదను ఫ్రాన్స్‌లోని టూలూజ్ కేంద్రం చూసింది. వాళ్ల హెచ్చరికలు నెట్‌లో అందరికీ కనిపిస్తాయి, మ్యాపుతో సహా. ప్రయాణానికి ముందు రోజు ఒకసారి చూడండి. వాట్సాప్‌లో తిరిగే పాత వీడియోలు చూసి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి.

హారిక_వరంగల్ | మధ్యాహ్నం 2:40

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. అత్తయ్య గారు కూడా వస్తున్నారు, ఆవిడకు షుగర్. సుజాత గారు చెప్పిన కాగితం ఇవాళే రాసి పెడతాను. ఇన్సులిన్ చేతి సంచిలో తీసుకెళ్లడానికి డాక్టర్ లెటర్ కావాలా?

సుజాత_నేపర్‌విల్ | సాయంత్రం 6:05

లెటర్ ఉంటే సెక్యూరిటీ దగ్గర మాటలు తగ్గుతాయి హారికా, తీసుకో. ఇన్సులిన్ చెకిన్ లగేజీలో అస్సలు పెట్టొద్దు, కింద చలికి గడ్డకట్టి పాడవ్వచ్చు. సూదులు కూడా దానితోనే ఒకే సంచిలో పెట్టి, లెటర్ పైన ఉంచు.